అడ్డపొగ, మామూలు చుట్ట: ఏది ఎక్కువ చేటు?

శ్రీకాకుళం, విశాఖ తీరంలోని పల్లెల్లో చుట్టను రెండు విధాలుగా కాలుస్తారు. మామూలుగా కాల్చేవారు నిప్పు కొసను బయటే ఉంచుతారు. అడ్డపొగ తాగేవారు, వీరిలో ఎక్కువమంది పెద్దవయసు స్త్రీలే, వెలిగించిన కొసనే నోట్లో పెట్టుకొని పెదవులు బిగిస్తారు. అలా కాలిస్తే సముద్రపు గాలికి నిప్పు ఆరదు, నోటి తడికి చుట్ట త్వరగా తరగదు.

అసలు తేడా అంగిలి దగ్గర తెలుస్తుంది. మామూలు చుట్టలో పొగ మాత్రమే తగిలితే, అడ్డపొగలో సెగ, బూడిద, పొగ మూడూ నేరుగా అంగిలినే తాకుతాయి. మొదట అక్కడి పొర తెల్లగా మందమవుతుంది, లాలాజల గ్రంథుల నోళ్లు దాని మీద ఎర్రని చుక్కల్లా తేలతాయి, తరువాత కొందరిలో పుండ్లు పడతాయి. ఇతర ప్రాంతాల్లో అరుదైన గట్టి అంగిలి (అంగిలిలో ఎముక ఉన్న ముందుభాగం) క్యాన్సర్ ఈ తీరంలో ఎక్కువగా కనిపించడానికి ప్రధాన కారణం ఇదే.

అలాగని మామూలు చుట్ట మేలని అనలేను. దాని పొగలో క్షారగుణం ఎక్కువ కాబట్టి, ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నికోటిన్ నోటి పొర నుంచే రక్తంలో కలుస్తుంది. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పూ ఉండనే ఉంటుంది. అడ్డపొగ నుంచి మామూలు చుట్టకు మారినవారికి సెగ తప్పుతుందే గాని పొగాకు తప్పదు. పూర్తిగా మానేస్తే మాత్రం అంగిలి మీది తెల్లమచ్చలు చాలామందిలో తగ్గుముఖం పడతాయి. మానాలనుకునేవారికి 1800-11-2356 నంబరులో ఉచితంగా సలహా దొరుకుతుంది; రెండు వారాలైనా మానని నోటిపుండును దంతవైద్యునికి చూపించాలి.