మంచు గుడిసెలు, గాలం దారాలు: మిన్నెసోటాలో మూడు సరస్సులు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మంచుకు రంధ్రం చేసి చేపలు పట్టేందుకు గడ్డకట్టిన సరస్సు మీద గుడిసె అద్దెకు తీసుకునేవారు అద్దె ఎంత, హీటరు ఉందా, మరుగుదొడ్డి ఎక్కడ అని అడుగుతారు. గాలపు కర్రలకు ఏ దారం చుట్టారో కూడా అడగమని నా సలహా. శీతాకాలాల్లో మా బావమరిదితో కలిసి వేర్వేరు సరస్సుల మీద కూర్చున్నాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: ఏ దారం పనికొస్తుందన్నది సగం చేపను బట్టి, మిగతా సగం తల మీద కప్పు ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

కప్పు లేని చోటంటే మినియాపొలిస్‌కు పడమరనున్న లేక్ మినటోంకా. ఊరి పక్కనే కాబట్టి బస ఖర్చు లేదు, పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. కొత్తగా గట్టిపడిన స్వచ్ఛమైన మంచు కనీసం 4 అంగుళాలు ఉంటేనే కాలు పెట్టమని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. సరస్సంతా ఒకే మందం ఉండదు కనుక అక్కడక్కడా రంధ్రం చేసి కొలుచుకుంటూ నడవాలి. ఇక్కడ దొరికేవి క్రాపీ, బ్లూగిల్ వంటి చిన్న చేపలు. బ్లూగిల్ నోరు చిన్నది. ఎరను గుంజదు, నెమ్మదిగా లోపలికి పీల్చుకుంటుంది. దారం మందంగా ఉంటే ఆ కదలిక చేతికి అందదు. 2 నుంచి 4 పౌండ్ల లాగుడుకు తెగకుండా ఆగే దారం చాలు.

బయట గాలిలో అల్లిక దారం, అంటే బ్రెయిడ్, నాకు అసలు నచ్చదు. పోగుల మధ్య నీరు పట్టి, పైకి లాగగానే గడ్డకడుతుంది. కర్ర చివరి కన్నం చుట్టూ మంచు పేరుకుని దారం కదలదు. చేతి తొడుగు తీసి, మంచు పూసలను వేళ్లతో ఒక్కొక్కటిగా నలిపి వదిలించాలి. ఆ చలిలో రెండు నిమిషాలకే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మామూలు నైలాన్ మోనోఫిలమెంట్, అంటే ఒంటి పోగు దారంతో బాధ తక్కువ, ధరా తక్కువే. నా ఓటు మాత్రం సన్నటి ఫ్లోరోకార్బన్ అనే మరో రకం ప్లాస్టిక్ దారానికి. అది నీరు పీల్చదు. సాంద్రత సుమారు 1.78 కావడంతో 1.14 ఉన్న నైలాన్ కన్నా త్వరగా మునుగుతుంది. గోరంత ఎరను కిందికి దించేటప్పుడు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మినియాపొలిస్ నుంచి సుమారు 100 మైళ్లు ఉత్తరానికి వెళ్తే మిల్ లాక్స్ సరస్సు. విస్తీర్ణం 1,32,000 ఎకరాలకు పైమాటే, లోతు మాత్రం ఎక్కడా 42 అడుగులు దాటదు. మంచు బాగా మందమెక్కాక అద్దెకిచ్చేవారే దారి చదును చేస్తారు, గుడిసె దాకా సొంత కారులో వెళ్లవచ్చు. హీటరు వెలుగుతుంటుంది, రంధ్రాలు ముందే సిద్ధంగా ఉంటాయి. పిల్లలున్న కుటుంబానికి నేను చూసినవాటిలో ఇదే మేలు. మేము దిగిన చోట సేవలన్నీ బాగున్నాయి కానీ, ఇచ్చిన కర్రలకున్న పాత నైలాన్ దారం నీళ్లలోనూ జంతికల చుట్టలా మెలికలు తిరిగే ఉంది. చేప ముట్టినప్పుడు ముందు ఆ మెలికలు సాగాలి, ఆ తర్వాతే కబురు చేతికి చేరుతుంది. అందుకే సొంత రీళ్లు తీసుకెళ్లాం.

వెచ్చటి గుడిసెలో బ్రెయిడ్ మీద ఉన్న ఫిర్యాదు చెల్లదు. గడ్డకట్టే భయం లేదు, దారం దాదాపు సాగదు, 30 అడుగుల కింద వాలై అనే చేప ఎరను తాకినా చేతికి తెలుస్తుంది. అయితే 2005లో ఈ సరస్సులో జీబ్రా మసెల్స్ అనే గుల్ల జీవులు బయటపడ్డాయి. అవి నీటిని వడకట్టి తినేవి కావడంతో నీరు మరింత తేటపడింది. అంత తేట నీటిలో బ్రెయిడ్ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి, చివర మూడడుగుల మేర, నీటిలో అంతగా కనిపించని 6 పౌండ్ల ఫ్లోరోకార్బన్ కలపాలి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపడం మరవద్దు. పొడిగా లాగితే రాపిడి వేడికి ముడి దగ్గరే బలం తగ్గుతుంది. ముడికి పైన చిన్న స్వివెల్, అంటే గిర్రున తిరిగే లోహపు కడియం, పెడితే దారం పురి తిరగదు.

మూడోది కెనడా సరిహద్దులోని లేక్ ఆఫ్ ద వుడ్స్. కారులో సగం రోజు ప్రయాణం. దగ్గర్లోని బౌడెట్ ఊరు తనను ప్రపంచ వాలై రాజధానిగా చెప్పుకుంటుంది, అక్కడ పెద్ద వాలై విగ్రహం కూడా ఉంది. ఇక్కడ మంచు మీదే రాత్రి బస. చక్రాలకు బదులు ట్రాక్టరు గొలుసుల్లాంటి పట్టీలున్న మంచు బండిలో తీసుకెళ్లి గుడిసెలో దింపుతారు. బంకు పడకలు, పొయ్యి, ప్రొపేన్ హీటరు ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో అడుగుపెట్టగానే చూడండి. ఖర్చు మూడింటిలోకీ ఎక్కువే, అయినా నాకు ఇదే ఇష్టం.

కారణం గోడకు బిగించిన గిలకలు. ర్యాటిల్ రీల్ అంటారు. చేప లాగితే గిలక తిరిగి లోపలి గోళీలు గలగలమంటాయి. అర్ధరాత్రి ఆ చప్పుడుకు మా బావమరిది పడక మీది నుంచి దూకి, “బావా, లైటు వేయండి, దారం పోతోంది!” అని అరిచాడు. చేతులు మార్చుకుంటూ దారాన్ని పైకి లాగాడు. రంధ్రంలో ముందు పెద్ద గాజు కన్ను మెరిసింది, ఆ వెనకే బంగారు రంగు వాలై. గిలకకు రీలు పిడి ఉండదు, దారాన్ని చేత్తోనే లాగాలి. సన్నటి బ్రెయిడ్ అయితే వేళ్లు కోసుకుపోతాయి. అందుకే దానికి మందపాటి డాక్రాన్ (ఒక రకం పాలియెస్టర్) అల్లిక దారం చుట్టి, చివర 8 పౌండ్ల నైలాన్ కడతారు. ఇక్కడి నీటికి కాస్త రంగు ఉంటుంది కనుక ఫ్లోరోకార్బన్ లేకపోయినా వాలై బెదరదు. నార్తర్న్ పైక్ అనే చేప కోసం వెళ్తే మాత్రం చివర తీగ ముక్క ఉండాలి. దాని పళ్లకు మామూలు దారం ఆగదు.

పదహారేళ్లు నిండినవారికి లైసెన్సు కావాలి. రాష్ట్రం బయటివారికి 24 గంటల లైసెన్సు కూడా దొరుకుతుంది. మిల్ లాక్స్‌లో ఎన్ని వాలైలు ఉంచుకోవచ్చన్నది మారుతుంటుంది, వెళ్లే ముందు చూసుకోండి. రాష్ట్రం లోపలి సరస్సుల్లో వాలై వేట ఫిబ్రవరి చివరికి ముగుస్తుంది. లేక్ ఆఫ్ ద వుడ్స్‌లో ఏప్రిల్ 14 దాకా అనుమతి ఉంది. చలికి జంకేవారు మార్చిలో అక్కడికే గుడిసె మాట్లాడుకోవచ్చు.