పదమూడేళ్ళుగా థైరాయిడ్ టెస్టులు: నాకు ఏది పనికొచ్చింది, ఏది దండగ

2012 జూన్‌లో మొదటిసారి థైరాయిడ్ టెస్టు చేయించుకున్నాను. ఆ రిపోర్టు ఇప్పటికీ నా ఫైల్లో అన్నిటికంటే అడుగున ఉంది, టీఎస్‌హెచ్ అనే హార్మోను 38.6 అని, నార్మల్ అయితే నాలుగైదు దాటకూడదు. దానికి ముందు ఆరేడు నెలలుగా క్లాసులో పాఠం చెప్తుంటే గొంతు బొంగురుపోయేది, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వచ్చేది, మే నెల తిరుపతి ఎండల్లో అందరూ మేడ మీద పడుకుంటే నేను లోపల దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. రక్తం తక్కువేమో అని ఇంట్లో ఖర్జూరాలు, బీట్‌రూట్ తినిపించారు. 38 ఏళ్ళకే ముసలితనం వచ్చేసిందని నేనూ నమ్మేశాను. నా థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదని ఆ ఒక్క టెస్టుతో బయటపడింది.

అప్పటినుంచి నలభై సార్లకు తక్కువ కాకుండా రక్తం ఇచ్చాను, తిరుపతిలో నాలుగైదు ల్యాబుల్లో, చిత్తూరులో మా అమ్మ వాళ్ళింటికి పోయినప్పుడు రెండు సార్లు. స్టాఫ్ రూంలో ఎవరికి రిపోర్టు వచ్చినా నా దగ్గరికే తెస్తున్నారు కాబట్టి నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, మాత్ర మార్చాలన్నా ఆపాలన్నా డాక్టర్నే అడగండి.

ఎవరైనా ముందు పొరబడేది టీఎస్‌హెచ్ దగ్గరే. "అక్కా, నాకు 12 వచ్చింది, అంటే థైరాయిడ్ ఎక్కువైపోయిందా?" అంటారు. కాదు, తక్కువైంది. టీఎస్‌హెచ్‌ని తయారు చేసేది మెడలోని థైరాయిడ్ కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే పిలిచినా పలకని వాళ్ళని గొంతు పెంచి పిలిచినట్టు పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ని పెంచుతుంది, థైరాయిడ్ అతిగా పనిచేస్తే ఇది నోరు మూసుకుంటుంది. థైరాయిడ్ హార్మోను కొంచెం తగ్గినా టీఎస్‌హెచ్ చాలా ఎక్కువగా పెరుగుతుంది, అందుకే తేడా అన్నిటికంటే ముందు ఇందులోనే కనిపిస్తుంది. నాలాగా మందు కుదిరిపోయిన వాళ్ళకి ఇదొక్కటి చాలు. నేను దీనికి ఐదుకి ఐదు ఇస్తాను.

థైరాయిడ్ తయారు చేసే టీ4 హార్మోనులో ప్రోటీన్‌కి అంటుకోకుండా రక్తంలో విడిగా ఉండే భాగాన్ని చూసే ఫ్రీ టీ4 కూడా మంచి టెస్టే, కానీ ప్రతిసారీ అక్కర్లేదు. టీఎస్‌హెచ్ తేడాగా వచ్చినప్పుడు, అది ఎంతవరకు పోయిందో చూడడానికి డాక్టర్లు రాస్తారు. పిట్యూటరీలోనే లోపం ఉంటే టీఎస్‌హెచ్‌ని నమ్మలేం, అప్పుడు ఇదే ఆధారం. టోటల్ టీ4 రాసి ఉంటే మాత్రం ఒకసారి అడగండి, ఎందుకంటే గర్భిణులకి, గర్భనిరోధక మాత్రలు వేసుకునే వాళ్ళకి రక్తంలో హార్మోన్‌ని మోసే ప్రోటీన్ పెరుగుతుంది, దాంతో థైరాయిడ్ బాగున్నా టోటల్ అంకె ఎక్కువ చూపిస్తుంది. ఇక థైరాయిడ్ ఇంకో హార్మోను టీ3 సంగతి. తొలి ఐదేళ్ళు ప్రతిసారీ టీ3, టీ4, టీఎస్‌హెచ్ మూడూ కలిపిన ప్రొఫైల్‌కే డబ్బు కట్టాను. థైరాయిడ్ తక్కువైన వాళ్ళలో టీ3 చివరిదాకా నార్మల్‌గానే ఉండొచ్చు, నాకు 38.6 ఉన్న రోజున కూడా టీ3 నార్మలే! థైరాయిడ్ అతిగా పనిచేసే వాళ్ళకి ఆ టెస్టు కావాలి, నాకు అది దండగ ఖర్చు.

యాంటీ టీపీఓ అని ఇంకొకటుంది. మన ఒంట్లోని రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద పడి దాన్ని పాడుచేస్తోందా అని తెలుసుకోవడానికి. 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టరు ఈ జబ్బును మొదట వివరించాడు, అందుకే ఆయన పేరే దానికి. నాకు అదే. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే సరిపోయే టెస్టు ఇది. పాజిటివ్ వచ్చాక ఆ అంకె తగ్గిందా పెరిగిందా అని ఏటా చూసుకోవడంలో అర్థం లేదు, దాన్నిబట్టి మందు మారదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. 2019లో జుట్టు రాలుతోందని మా మరదలు చెప్తే బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మొదలుపెట్టాను, 10 మిల్లీగ్రాములవి, రోజుకొకటి. అక్టోబరులో మామూలుగా రక్తం ఇచ్చాను. టీఎస్‌హెచ్ 0.06, ఫ్రీ టీ4 ఎక్కువ. ఆ రోజు చూసిన డాక్టరు ఒక్క నిమిషంలో రిపోర్టు చదివి, థైరాయిడ్ మందు ఎక్కువైంది అని నేను రోజూ వేసుకునే 100 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్రను 50 చేసేశారు. ఇంకేమైనా వాడుతున్నారా అని అడగలేదు, జుట్టు మాత్రకి దీనికి సంబంధం ఏముంటుందని నేనూ చెప్పలేదు.

ప్రతి ధనుర్మాసంలో మా స్కూలు టీచర్లందరం అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాం. ఆ ఏడు తలయేరు గుండు దాటేసరికే నా కాళ్ళు సిమెంటు దిమ్మెల్లా అయిపోయాయి. పది మెట్లు ఎక్కడం, పక్కన కూర్చోవడం, మళ్ళీ పది మెట్లు. ఒకావిడ మెట్టుమెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెడుతూ వస్తోంది, ఆవిడ వెనకాల ఐదారేళ్ళ పాప కర్పూరం బిళ్ళలు పట్టుకుని. వాళ్ళిద్దరూ నన్ను దాటి పైకి పోయారు. గాలిగోపురం దాకా కూడా పోలేక దిగొచ్చేశాను. అంతకుముందు 3,550 మెట్లూ మధ్యలో రెండు చోట్ల ఆగి ఎక్కిన మనిషిని, ఆ రోజు ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో చెప్పలేను.

ఆ తర్వాత ఎండోక్రైనాలజీ స్పెషలిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గరికి పోతే ఆవిడ ఫైలంతా మొదటినుంచి తిరగేసి అడిగిన మొదటి ప్రశ్న, "జుట్టుకి, గోళ్ళకి ఏమైనా మాత్రలు వాడుతున్నారా అమ్మా?" అని. కొన్ని ల్యాబుల్లో మెషిన్లు పరీక్ష చేసే పద్ధతిలోనే బయోటిన్‌ని వాడతాయట, మన రక్తంలో అది ఎక్కువుంటే టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా తప్పు చూపిస్తాయట. అంటే నాకు లేని జబ్బు కాగితం మీద వచ్చింది. బయోటిన్ మాత్రలు ఆపేసి వారం తర్వాత రక్తం ఇస్తే టీఎస్‌హెచ్ 14. డోసు మళ్ళీ 100కి వచ్చింది, మనిషిని కావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. కాబట్టి బయోటిన్ వాడే వాళ్ళు టెస్టుకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, ఎక్కువ డోసు అయితే ఇంకా ముందే. మల్టీవిటమిన్ సీసాల మీద కూడా ఒకసారి చదువుకోండి, చాలావాటిలో ఉంటుంది.

డోసు మార్చాక పది రోజులకే మళ్ళీ టెస్టు చేయించుకుని కంగారు పడే వాళ్ళని చూస్తుంటాను. టీ4 మన ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, కొత్త డోసుకి రక్తం కుదురుకుని పిట్యూటరీ దానికి అలవాటు పడాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. ముందే చేయిస్తే వచ్చే అంకెకి విలువ లేదు. టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది, అందుకని నేను ఎప్పుడూ పొద్దున ఏడున్నరకే ఇస్తాను. ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకుంటాను, ముందే వేసుకుంటే కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 ఎక్కువ చూపిస్తుంది. దీనికి పరగడుపు తప్పనిసరి కాదు, కానీ నేను ఎలాగూ మాత్ర వేసుకున్నాక గంటదాకా కాఫీ తాగను, క్యాల్షియం, ఐరన్ మాత్రలైతే నాలుగు గంటల తర్వాతే.

ల్యాబు కూడా మార్చొద్దు. నా ఫైల్లోనే ఒక ల్యాబు నార్మల్ 0.27 నుంచి 4.20 అంటుంది, ఇంకోటి 0.35 నుంచి 4.94 అంటుంది. రెండూ తప్పు కాదు, మెషిన్లు వేరు. ఒకచోట 4.5 వస్తే పక్కన ఎక్కువ అని నల్లటి అచ్చులో పడుతుంది, ఇంకోచోట అదే అంకెకి ఏ గుర్తూ ఉండదు. ఆ ఒక్క గుర్తు చూసి రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోని వాళ్ళు నాకు తెలుసు.

స్కాన్ గురించి కూడా అడుగుతుంటారు. మెడకి అల్ట్రాసౌండ్ చేస్తే గడ్డలు, సైజు తెలుస్తాయి కానీ థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో తెలియదు. మా ఆడపడుచుకి టీఎస్‌హెచ్ బాగా తగ్గిపోయి, గుండె దడ, చేతుల వణుకు వస్తే తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు ఎక్కించి స్కాన్ తీశారు. గ్రంథి మందుని ఎంత లాగుతోందో అందులో కనిపిస్తుంది, దాన్నిబట్టి గ్రంథి నిజంగానే అతిగా పనిచేస్తోందా, లేక వాచి లోపలున్న హార్మోను బయటికి కారిపోతోందా అని తేలుతుంది. నాలాంటి వాళ్ళకి ఆ స్కాన్ అవసరం పడలేదు.

గర్భిణులు మాత్రం దేన్నీ వాయిదా వేయొద్దు. నాకు ఉంది కాబట్టి మా అమ్మాయికి నెల తప్పిందని తెలిసిన వారంలోనే టీఎస్‌హెచ్ చేయించాను. మొదటి నెలల్లో బిడ్డకి సొంత థైరాయిడ్ ఇంకా పనిచేయదు, తల్లి హార్మోనే ఆధారం. తనకి 6.8 వచ్చింది, మాత్ర మొదలుపెట్టారు, నెల నెలా చూశారు.

పోయిన నెల బాబు పుట్టాడు. మూడో రోజున నర్సు వాడి మడమని గోరువెచ్చని గుడ్డతో తుడిచి, చిన్న సూదితో గుచ్చి, కాగితం మీద గుండ్రటి గీతల్లోకి ఒక్కో రక్తపు చుక్క దించింది. పుట్టుకతో థైరాయిడ్ లేని పిల్లల్ని ఇలా కనిపెట్టి మొదటి వారాల్లోనే మందు మొదలుపెడితే బుద్ధి మామూలుగా ఎదుగుతుంది, ఆలస్యమైతే ఆ నష్టాన్ని తర్వాత పూడ్చలేం. మీ ఆస్పత్రిలో వాళ్ళంతట వాళ్ళు చేయకపోతే మీరే అడిగి చేయించండి. వాడు గుక్కపట్టి ఏడ్చాడు, మా అమ్మాయి కూడా ఏడ్చింది. వారానికి రిపోర్టు వచ్చింది, నార్మల్. నా ఫైల్లో అన్నిటికంటే పైన ఇప్పుడు ఆ కాగితమే ఉంది.