కౌన్సెలర్ గది తలుపు: ఇద్దరు పిల్లలు, ఒకే కాలేజీ, మూడేళ్ల అనుభవం

మా తరానికి కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ ర్యాంకు కార్డు, అసలు సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని సీటు కోసం వరుసలో నిలబడడమే. ఆకతాయిలను స్టేషనుకు పిలిచి మందలించి పంపినా, పత్రికలు ‘కౌన్సెలింగ్ ఇచ్చారు’ అనే రాసేవి. అందుకే 2023 జూన్‌లో మా అమ్మాయిని విజయవాడ వైపున్న ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఎంపీసీలో చేర్పించినప్పుడు, ‘ప్రతి విద్యార్థికీ కౌన్సెలర్ అందుబాటులో ఉంటారు’ అన్న మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు. ఇంటర్ తరవాత ఏ కాలేజీలో సీటు వస్తుందో చెప్పే మనిషి కాబోలు అనుకున్నాను. ఫీజులు, మెస్సు, స్టడీ అవర్లు, ర్యాంకుల గురించి అందరికీ తెలిసిందే కనుక వాటి జోలికి పోను. ఆ కౌన్సెలర్ గది ఒక్కదాని గురించే రాస్తాను.

మొదటి మూడు నెలలూ నాకు ఆ గది మీద ఎంత గురి కుదిరిందంటే, మా ఆఫీసులో ఇద్దరికి అదే కాలేజీ చెప్పి వాళ్ల పిల్లలను చేర్పించాను. అమ్మాయి ఇంటిమీద బెంగతో రెండు పూటలు అన్నం మానేస్తే, ఆ సాయంత్రానికే కౌన్సెలర్ మేడం నుంచి ఫోను వచ్చింది. వీక్లీ టెస్టులో మార్కులు తగ్గి ఏడిస్తే ఆ సంగతీ తెలిసింది. ఊరికి దూరంగా ఉన్న బిడ్డ మనసులో ఏముందో గంటలోపు తండ్రికి చేరవేసే ఏర్పాటు కంటే ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ ఏడాది దసరాకు ఎవరైనా అడిగి ఉంటే కళ్లు మూసుకుని పూర్తి మార్కులు వేసేవాణ్ని.

డిసెంబరులో మా అమ్మాయి ఆ గదికి వెళ్లి, తనకు ఫిజిక్స్ తలకెక్కడం లేదనీ, ఇంటర్ ఎలాగో గట్టెక్కి ఆ తరవాత లా చదవాలనుకుంటున్నాననీ, సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు నాన్నకు తానే నిదానంగా చెప్పుకుంటాననీ, అప్పటిదాకా చెప్పవద్దనీ అడిగింది. ఆ సాయంత్రం ఆరున్నరకు నాకు ఎప్పటిలాగే ఫోను వచ్చింది. ఆదివారం పిల్లలకు ఇంటితో మాట్లాడుకోవడానికి ఇచ్చే పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు నేనే మాట్లాడాను. ఏం మాట్లాడానో ఇక్కడ రాయడానికి నాకు ముఖం చెల్లదు. చివర్లో తను ఒక్కటే అడిగింది: “మీకెవరు చెప్పారు నాన్నా?” ఆ తరవాత రెండో ఏడాది పూర్తయ్యేవరకు తను ఆ గది గడప తొక్కలేదు.

ఫిబ్రవరిలో ఔటింగ్ సంతకం కోసం వెళ్లినప్పుడు నేను ఆ గదిని మొదటిసారి సరిగ్గా చూశాను. అది వైస్ ప్రిన్సిపాల్ గదిలోంచే చెక్క అడ్డుగోడతో విడదీసిన సగం గది. తలుపు మూసుకుపోకుండా ఇరవై లీటర్ల నీళ్ల క్యాను అడ్డం పెట్టి ఉంది. వరండాలో టోకెన్ల కోసం నిలబడ్డ పిల్లలందరికీ లోపల ఎవరు కూర్చున్నారో కనిపిస్తుంది, కాస్త చెవి పెడితే వినిపిస్తుంది కూడా. బల్ల మీద పొడుగాటి గీతల రిజిస్టరు తెరిచే ఉంది. పేరు, సెక్షన్, రూం నంబరు, సమస్య, తీసుకున్న చర్య అన్న గడులు వరసగా ఉన్నాయి. మా అమ్మాయి పేరు వెతుక్కునే లోపల దానికి పైనున్న నలుగురు పిల్లల కష్టాలు నేను చదివేశాను. అందులో ఒకటి ఏ తండ్రీ పరాయి బిడ్డ గురించి చదవకూడనిది. మా అమ్మాయి వరసలో చివరి గడిలో ‘తండ్రికి తెలియజేయడమైనది’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. పేజీ అడుగున వైస్ ప్రిన్సిపాల్ సంతకం ఉంది.

ఆ మేడాన్ని తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. ఆవిడ అంతకుముందు జువాలజీ చెప్పిన లెక్చరర్. గొంతు మెత్తన, పిల్లలంటే ప్రేమ ఉందని ఈ పని అప్పగించారట. వేసవిలో అడ్మిషన్ల బల్ల దగ్గర కొత్త తల్లిదండ్రులకు సెక్షన్ల తేడాలు వివరిస్తూ ఆవిడే కూర్చునేవారు, అక్కడా ఆవిడను కౌన్సెలరనే పిలిచేవారు. మార్చిలో మూడో విడత ఫీజు బకాయి గుర్తుచేస్తూ నాకు ఫోను వచ్చింది. అదే నంబరు, అదే మెత్తని గొంతు. నేను అంతగా మెచ్చుకున్న ఆ గంటలోపు ఫోను నా బిడ్డ కోసం చేసిన ఏర్పాటో, ఫీజు కట్టేవాణ్ని నిశ్చింతగా ఉంచడానికి చేసిన ఏర్పాటో అప్పటినుంచీ నాకు తేలలేదు.

ఇంత జరిగాక అబ్బాయిని కూడా అక్కడే ఎందుకు చేర్పించానని అడగవచ్చు. మా ఊరికి దగ్గర, ఫీజులో తగ్గింపు ఇచ్చారు, అంతే. వాడు 2025 జూన్‌లో చేరాడు. జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి వేసిన కేసు అది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలనీ, ఇలాంటి రికార్డులు పేర్లు బయటపడకుండా నిర్వహించాలనీ అందులో చెప్పారు. దసరా తరవాత సైకాలజీలో ఎంఏ చేసిన కొత్త మేడం వచ్చారు. గది రెండో అంతస్తుకు మారింది, రిజిస్టరులో పేర్ల బదులు అంకెలు వచ్చాయి, తలుపు మూస్తున్నారు. తల్లిదండ్రుల సమావేశంలో ఆవిడ లేచి, పిల్లలు తనతో చెప్పినవి తాను ఎవరికీ చెప్పననీ, ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తేనో, ఎవరైనా వాళ్లను హింసిస్తున్నారని తెలిస్తేనో మాత్రం చెప్పక తప్పదనీ, ఈ మాట మొదటి రోజే పిల్లలకు కూడా చెబుతాననీ అన్నారు.

నవంబరులో మావాడు నాలుగుసార్లు ఆ గదికి వెళ్లాడని వార్డెన్ ద్వారా తెలిసి కొత్త మేడానికి ఫోను చేశాను. “వాడు క్షేమంగానే ఉన్నాడు సర్. మిగతాది వాణ్నే అడగండి, కొంచెం ఓపిక పట్టి అడగండి” అన్నారు. నాకు ఒళ్లు మండింది. అక్క విషయంలో తగిలిన దెబ్బ గుర్తున్నవాణ్నే, అయినా ఫీజు కట్టే తండ్రికి ఆ మాత్రం చెప్పరా అని ఇంట్లో రెండు రోజులు గొణుక్కున్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు కనుమ నాడు, పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తుండగా, రూములో ఒకడు తనను ఎలా ఏడిపించేవాడో, ఆ సంగతి ఎలా సర్దుబాటు అయిందో వాడే చెప్పుకొచ్చాడు. నేను మధ్యలో అడ్డు రాకుండా విన్నాను. అది నాకు అలవాటు లేని పని.

అలాగని ఇప్పుడు పూర్తి మార్కులు వేయలేను. పదకొండు వందల మంది పిల్లలకు ఆవిడ ఒక్కరే. పరీక్షల ముందు ఆవిడ సమయం దొరకాలంటే వారం పైన ఆగాలి. మార్కులను బట్టి బ్యాచీలు వీలైనంతవరకు విడదీయకూడదని అదే తీర్పులో ఉంటే, మా కాలేజీ సెక్షన్లకు నదుల పేర్లు పెట్టి ఊరుకుంది. ఏ నదిలో ఎవరు మునుగుతారో పిల్లలకు కంఠతా వచ్చు. మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416 ప్రతి అంతస్తులోనూ పెద్ద అక్షరాలతో రాయించారు, అది రాత్రింబవళ్లు పనిచేసే ఉచిత సేవే. అయితే హాస్టలు పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, ఉన్న ఒక్క ఫోను వార్డెన్ బల్ల మీద ఉంటుంది.

మావాడు కాస్త వాగుడుకాయ కనుక మూసిన తలుపు మాకు కలిసొచ్చింది. నోరు విప్పని బిడ్డ ఉన్న ఇంటివాళ్లకు పాత మేడం ఫోనే నయం అనిపించవచ్చు, వాళ్లతో నేను వాదించలేను. మొన్న వాణ్ని చూడడానికి వెళ్లినప్పుడు, ఐదేళ్ల లా కోర్సులో రెండో సెమిస్టరు చదువుతున్న మా అమ్మాయి కూడా మాతో వచ్చింది. రెండో అంతస్తు దాకా ఎక్కి, మూసి ఉన్న ఆ తలుపును కాసేపు చూసి, నీళ్ల క్యాను ఇప్పుడెక్కడ పెడుతున్నార్రా అని తమ్ముణ్ని అడిగింది.