కోట ముందు నాన్న, మంచం అంచున నాన్న

తెలిసినవాళ్లు పెడుతున్న ఓ చిన్న ఫొటో ప్రదర్శన కోసం నాన్నవి రెండు తీశాను. ఒక్కటే పంపాలి.

మొదటిది విజయనగరం కోట గుమ్మం ముందు. ఇస్త్రీ పంచె, మెలేసిన మీసం. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు కసరత్తు నేర్పిన ఊరు కదా, మగాడంటే ఛాతీ ముందుకే ఉండాలి. బాగుంది, అంతే.

రెండోదాంట్లో నాన్న మంచం అంచున కూర్చుని చొక్కా గుండీ పెట్టుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు జూట్ మిల్లులో పనిచేసిన వేళ్లు కాజా దొరక్క తడుముకుంటున్నాయి. చూస్తే అనుకోకుండా దొరికిన క్షణంలా ఉంటుంది. కాదు. కిటికీకి తెల్ల పంచె కట్టి ఎండ తగ్గించాను. అదే గుండీ పదకొండుసార్లు విప్పించి పెట్టించాను. వణుకు మాత్రం నేను చెప్పి తెప్పించింది కాదు.

ఇబ్బందల్లా ఇక్కడే. కోట దగ్గర ఎలా నిలబడాలో నాన్నే చెప్పాడు. ఇంట్లో అంతా నా మాటే. బలహీనత నాన్నది, పెత్తనం నాది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఫిలిప్ లోర్కా డికోర్సియా 1990-92లో హాలీవుడ్‌లో ఒళ్లమ్ముకునే మగవాళ్లను ఇలాగే అమర్చి తీశాడు. ప్రతి ఫొటో శీర్షికలో వాళ్ల పేరు, వయసు, ఊరుతోపాటు ఇచ్చిన డాలర్లెన్నో కూడా రాసేశాడు. డబ్బు ఎవరి చేతిలో ఉందో దాచలేదు. నేనైతే నాన్నకి మధ్యలో టీ కూడా ఇవ్వలేదు.

అయినా నా ఓటు రెండోదానికే. మొదటిదాంట్లో మీసమే కనిపిస్తోంది. ఫోన్‌లో చూపించి "పంపనా నాన్నా?" అన్నాను. చాలాసేపు చూశాడు.

"వెనక గోడ పెచ్చులు కనిపిస్తున్నాయిరా. సున్నం వేయించాక తియ్యాల్సింది."