ఎండ్రకాయల జాడ, మా గోడ మీద

ఒంగోలులో పాత పెంకుటింటి వరండాలో పనిచేసుకునే ఒక శిల్పి దగ్గర గత మాఘమాసంలో ఒక పలక చేయించుకున్నాను. కొత్తపట్నం తీరంలో ఎండ్రకాయలు, కొంగలు, వెనుదిరిగిన అలలు ఇసుక మీద వదిలిన గుర్తులను పోటు వచ్చి చెరిపేయకముందే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో అచ్చు తీయడం ఆయన వృత్తి.

చోటును మనమే ఎంచుకోవచ్చునన్నారు కాబట్టి, తెల్లవారుజామున ఆటు వేళకు ఆయనతో వెళ్లాను. వేలిగోరంత ఎండ్రకాయలు ఇసుకను నోట జల్లించి, తిండి తీసుకొని, మిగిలినదాన్ని మిరియపు గింజల్లాంటి ఉండలుగా కలుగు చుట్టూ కిరణాల వరుసల్లో పేర్చి ఉన్నాయి. ప్లాస్టర్‌ను నేరుగా పోస్తే ఆ ఉండలు విరిగిపోతాయని ఆయన ముందు లక్కద్రావణాన్ని మంచులా చల్లి ఆరనిచ్చారు. తర్వాత ఇంటి నుంచి తెచ్చిన మంచినీళ్లతో ప్లాస్టర్ కలిపి, గరిటె వీపు మీదుగా మెల్లగా జారవిడిచారు. సముద్రపు నీటితో కలిపితే అది మరీ త్వరగా గట్టిపడుతుందట, పైగా ఆరాక ఉప్పు పూస్తుందట. గట్టిపడుతున్న ప్లాస్టర్ మీద చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా తగిలింది.

ఇలా తీసిన అచ్చులో గుంటలన్నీ గుబ్బలుగా కనిపిస్తాయి కనుక, దాని మీద మళ్లీ ప్లాస్టర్ పోసి మరో అచ్చు తీస్తేనే అసలు ఇసుక రూపం వస్తుంది. నా పలకలో ఒక మూలన ఎవరిదో హవాయి చెప్పు గుర్తు కూడా పడింది. దాన్ని చెక్కి తీసేయకుండా ఉంచడమే ఆయన పనితనమని నాకనిపించింది.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన గడువుకు పన్నెండు రోజులు ఆలస్యం చేశారు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మీద బిగించి ఇవ్వడం మాత్రం నాకు నచ్చలేదు. ఆ రాతి మెరుపుల ముందు ఇసుక నునుపు వెలవెలబోతుంది, బరువూ ఎక్కువే. బంగారు రంగు పూసిన పలకల సంగతి చెప్పకపోవడమే మేలు. నాది 6,500 రూపాయలైంది. తడిగుడ్డతో తుడవకూడదు, జల్లు పడే గోడకు తగిలించకూడదు.

సముద్రపు తాబేలు జాడ కావాలని అడిగితే మాత్రం ఒప్పుకోలేదు. అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే కాలమిది, జాడ వెంట మనం నడిస్తే గూడు మీదికే పోతామన్నారు. ఆ మాటకు నేనూ మరి పట్టుబట్టలేదు.