రెండు బీప్‌లు, ఒక ఎస్: డెబియన్ ఇన్‌స్టాలర్

నాకు చూపు లేదు. కంప్యూటర్ ఆన్ చేశాక స్క్రీన్ రీడర్ (తెర మీదిది చదివి వినిపించే ప్రోగ్రామ్) పలికేదాకా ఏం జరుగుతోందో తెలీదు. ఆ మూగ నిమిషం కోసం ఇన్నేళ్లూ మా తమ్ముణ్ణి పిలిచేవాణ్ణి. మొన్న ఆదివారం పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ దాదాపు ఒక్కణ్ణే వేసుకున్నా.

ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేస్తే, దాని మొదటి మెనూ (బూట్ మెనూ) రాగానే రెండు బీప్‌లు. కంప్యూటర్‌ని మొదట లేపే ప్రోగ్రామ్ కొత్త రకం యూఈఎఫ్‌ఐ అయితే రెండు, పాత బయాస్ అయితే ఒకటి. వెంటనే మాట మొదలవడానికి ఎస్ కీ, ఎంటర్ నొక్కా. కాసేపటికి ఈస్పీక్ అనే చదివే ప్రోగ్రామ్ గొంతు మొదలైంది. రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది గానీ ఆ పూట నాకు వీనులవిందే. ప్రశ్న చదువుతుంది, మనం అంకె కొట్టాలి. పార్టిషన్ల (డిస్కుని భాగాలు చేసే మెట్టు) దగ్గర మాత్రం రెండుసార్లు వెనక్కెళ్లి విన్నా. డిస్కు చెరిగితే పోయినట్టే కదా!

చిక్కంతా తర్వాతే. వేసుకున్నాక ఆన్ చేసిన ప్రతిసారీ ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ మామూలుగా మౌనవ్రతం. దాని సెట్టింగుల ఫైల్లో 'గ్రబ్ ఇనిట్ ట్యూన్' వరుస ముందున్న హ్యాష్ (#) గుర్తు తీసేసి, అప్‌డేట్ గ్రబ్ ఆదేశం నడిపితే 440 హెర్ట్జ్‌లో ఒక్క కూత కూస్తుంది. ఆపైన కింది బాణం ఎన్నిసార్లు నొక్కానో నేనే లెక్కపెట్టుకోవాలి, ఏ వరుస మీదున్నానో అది చెప్పదు. ఆ కూత కూడా పీసీ స్పీకర్‌ది, అంటే కంప్యూటర్ లోపలి బీప్ స్పీకర్‌ది. నా లాప్‌టాప్‌లో అది లేదు, కాబట్టి అదీ లేదు.

ఇన్‌స్టాలర్‌కి ఐదుకి నాలుగున్నర, గ్రబ్‌కి రెండు.

'దాదాపు' అన్నది ఎందుకంటే, ముందు పెన్‌డ్రైవ్ నుంచి తెరుచుకునేలా కంప్యూటర్ సెటప్‌లో బూట్ వరుస మార్చడానికి తమ్ముడికి వీడియో కాల్ చేశా. "ఇంకా కిందకి అన్నా... అయ్యో, దాటేశావ్!"