మోడెమ్ దగ్గర వచ్చే వేగం రౌటర్ దగ్గర రాకపోతే: కేబుల్ మార్చాలా, రౌటర్ మార్చాలా, బ్రిడ్జ్ మోడ్ పెట్టించాలా?

తిరుపతిలో బైరాగిపట్టెడ మొదలుకొని తిరుచానూరు దాకా చాలా ఇళ్లలో ఇంటర్నెట్ అమరిక ఒకే తీరుగా ఉంటుంది. వీధి స్తంభం మీది ఫైబర్ హాల్లో టీవీ పక్కకు వస్తుంది. అక్కడ ఆపరేటర్ బిగించిన మోడెమ్ ఉంటుంది. దాని నుంచి ఒక ల్యాన్ కేబుల్ పడకగదికో, మేడ మీది పోర్షన్‌కో వెళ్లి, ఇంటివారు సొంతంగా కొనుక్కున్న రౌటర్‌కు చేరుతుంది. నెలనెలా 200 లేదా 300 ఎంబీపీఎస్ ప్లానుకు డబ్బు కడుతూ, మోడెమ్ దగ్గర కొలిస్తే సరిగానే కనిపించే వేగం రౌటర్ దగ్గర మాత్రం 95 దాటకపోవడం ఈ అమరికలో తరచుగా ఎదురయ్యే సమస్య. అటువంటప్పుడు కొందరు ఇంకా పెద్ద ప్లాను తీసుకుంటారు, కొందరు కొత్త రౌటర్ కొంటారు, కొందరు ఎవరో చెప్పారని మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లోకి, అంటే లాగిన్ వంటి పనులన్నీ రౌటర్‌కు వదిలి తాను సంకేతాన్ని అందించడం మాత్రమే చేసే పద్ధతిలోకి, మార్పిస్తారు. రెండు మూడు వందల రూపాయల కేబుల్‌ను అనుమానించేవారు తక్కువ. నా ఉద్దేశంలో అనుమానం మొదలవలసినది అక్కడే. మిగిలిన దారులన్నీ, కేబుల్ నిర్దోషి అని తేలిన తరువాత పోల్చి చూసుకోవలసినవి.

కొలతలో వచ్చే అంకెను బట్టే చాలా సంగతి తెలుస్తుంది. ల్యాన్ కేబుల్ మీద సమాచారం పంపే పద్ధతి పేరు ఈథర్‌నెట్. 1995లో ప్రమాణంగా స్థిరపడిన 100 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్, కేబుల్‌లోని ఎనిమిది తీగలలో నాలుగింటినే, అంటే 1, 2, 3, 6 పిన్నులకు చేరే రెండు జతలనే వాడుకుంటుంది. ఇటువంటి రాగి కేబుళ్ల కోసం 1999లో వచ్చిన గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) ఈథర్‌నెట్‌కు నాలుగు జతలూ కావాలి. మిగిలిన రెండు జతలలో ఏ ఒక్క తీగ తెగినా, పిన్ను సరిగా తగలకపోయినా, చాలా పరికరాలు లింకును పూర్తిగా వదిలేయకుండా 100కు దిగివచ్చి పని కొనసాగిస్తాయి. లైటు వెలుగుతుంది, వీడియోలు వస్తాయి, ఏదీ చెడినట్టు కనిపించదు. ఈ మౌనం వల్లనే లోపం నెలల తరబడి బయటపడదు. 100 లింకులో సాంకేతిక అవసరాలకు పోయేది పోగా మనకు దక్కేది సుమారు 94 ఎంబీపీఎస్, గిగాబిట్ లింకులో సుమారు 940. ఎన్నిసార్లు కొలిచినా అంకె 90కీ 95కీ మధ్య గీత గీసినట్టు ఆగిపోతుంటే, లింకు 100కు పడిపోయిందని దాదాపు నిశ్చయించుకోవచ్చు. అలా కాక ఒకసారి 20, ఒకసారి 70 అని ఊగిసలాడుతుంటే కారణం వేరే చోట ఉంటుంది.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. 100 ఎంబీపీఎస్ లేదా అంతకంటే తక్కువ ప్లాను ఉన్నవారికి ఈ లింకు లోపం వల్ల పోయేది దాదాపు ఏమీ లేదు. వారు గిగాబిట్ రౌటర్ కోసం డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు. అలాగే డౌన్‌లోడ్ చేసేటప్పుడు కంప్యూటర్ సెకనుకు 12 మెగాబైట్లు అని చూపిస్తే, ఒక బైటు అంటే ఎనిమిది బిట్లు కనుక అది 100 ఎంబీపీఎస్‌కు (సెకనుకు 100 మెగాబిట్లకు) దాదాపు సమానమే గాని ఎనిమిదో వంతుకు పడిపోయిన వేగం కాదు.

ఏ వస్తువు మార్చాలో తేల్చుకోవడానికి ఒక ల్యాప్‌టాప్ చాలు. రౌటర్‌కు పోయే కేబుల్ చివరను ఊడదీసి ల్యాప్‌టాప్‌కు పెట్టి, విండోస్ సెట్టింగులలో ఈథర్‌నెట్ వివరాలు తెరిస్తే లింక్ స్పీడ్ అని కనిపిస్తుంది. అక్కడ 1000 ఉంటే మోడెమ్, కేబుల్ రెండూ బాగున్నట్టు, లోపం రౌటర్ వైపు ఉన్నట్టు. 100 ఉంటే, అదే ల్యాప్‌టాప్‌ను మోడెమ్ పక్కనే మంచి చిన్న కేబుల్‌తో కలిపి మళ్లీ చూడాలి. ఇప్పుడు 1000 వస్తే పెద్ద కేబుల్‌దే దోషం. ఈ పరీక్షలో ఒక సౌలభ్యం ఉంది: ఇంటర్నెట్ లాగిన్ కాకపోయినా లింక్ స్పీడ్ కనిపిస్తుంది కనుక పాస్‌వర్డులతో పని లేదు. అయితే ల్యాప్‌టాప్‌కు సొంత ల్యాన్ పోర్టు లేక చవక యూఎస్‌బీ అడాప్టర్ వాడితే, ఆ అడాప్టరే 100 వద్ద ఆగేది కావచ్చు. దాని డబ్బా మీద గిగాబిట్ అని ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఈ కొలతలన్నీ వైఫై ఆపివేసి, కేబుల్ మీదనే చేయాలి.

కేబుల్ విషయానికి వస్తే, నిడివిని నిందించడం పరిపాటి. నిజానికి ల్యాన్ కేబుళ్లలో క్యాట్ (కేటగిరీ) 5ఇ రకమైనా క్యాట్ 6 రకమైనా గిగాబిట్‌ను 100 మీటర్ల వరకు మోయగలవు. హాలు నుంచి మేడ మీదకు పోయే 20, 30 మీటర్లు వాటికి లెక్కలోకి రావు. అసలు లోపాలు మూడు చోట్ల ఉంటాయి. మొదటిది కొనల వద్ద. కేబుల్ కొనకు ఉండే ఆర్‌జే-45 కనెక్టర్‌ను చేత్తో క్రింప్ చేసేటప్పుడు, అంటే నొక్కి బిగించేటప్పుడు, తీగ లోపలి దాకా పోకపోతే ఆ పిన్ను తగలదు. రంగుల వరుస తప్పడం దీనికంటే చిక్కైన లోపం. మనవైపు వాడుకలో ఉన్న బి పద్ధతిలో నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ అనే వరుస ఉండాలి. జతలను పక్కపక్కన పెడితే చాలుననుకుని రెండు కొనలలోనూ ఒకే విధంగా తప్పు వరుస వేస్తే, చవక టెస్టర్ మీద ఎనిమిది లైట్లూ వెలుగుతాయి. అయినా మెలిపెట్టిన జతలు చీలిపోయి, ఒక జత సంకేతం మరో జతలోకి చొరబడుతుంది. టెస్టర్ బాగుందంటుంది, వేగం మాత్రం రాదు.

రెండవది తీగ లోహం. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలతో చేసిన కేబుళ్లు బజారులో చవకగా దొరుకుతాయి. అల్యూమినియం విద్యుద్వాహకత రాగిలో సుమారు 61 శాతమే. పైగా ఆ తీగ వంచినచోట, క్రింప్ చేసినచోట తేలికగా విరుగుతుంది. కేటగిరీ ప్రమాణాలు అడిగేది రాగినే, కాబట్టి తొడుగు మీద క్యాట్ 6 అని అచ్చు వేసి ఉన్నంత మాత్రాన అది క్యాట్ 6 కాదు. బ్లేడుతో తీగను కాస్త గీకి చూస్తే, లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం, ఎర్రగానే ఉంటే రాగి. మీటరుకు కొద్ది రూపాయలు మిగిల్చే ఆ కేబుల్‌ను గోడలోపలి పైపులో వేయించడం ఎంతమాత్రం తగదు, ఎందుకంటే పాడైతే గోడ పగలగొట్టవలసింది ఇంటివారే.

మూడవది ఎండ. మేడకు పోయే కేబుల్ కిటికీలోంచి బయటికి వచ్చి గోడ వెంట పైకి పోతుంది. ఇంటి లోపలికని తయారైన తొడుగు తిరుపతి ఎండలకు కొన్ని వేసవులలో పెళుసై పగిలి, వానాకాలంలో నీటిని పీల్చుకుంటుంది. కొండ కింది వీధులలో, ముఖ్యంగా కపిలతీర్థం వైపు ఇళ్లలో, కోతులు పట్టుకుని లాగడం కూడా లెక్కలోకి తీసుకోవలసిందే. బయట వేసేదయితే నల్లని పాలిథిలీన్ తొడుగు ఉన్న రాగి కేబుల్ కొనాలి, లేదా పైపులో వేయాలి.

క్యాట్ 5ఇ, క్యాట్ 6 రెండింటిలో ఏది మేలన్న ప్రశ్న కూడా తరచుగా వస్తుంది. మొదటిది 100 మెగాహెర్ట్జ్ వరకు, రెండవది 250 వరకు పరీక్షకు నిలవాలి. గిగాబిట్ పనికి మొదటిదే చాలు. కొత్తగా గోడలో వేయించేటప్పుడు మాత్రం ధరలో తేడా కొద్దిపాటిదే కనుక క్యాట్ 6 వేయించడం మంచిది. క్యాట్ 7, క్యాట్ 8 అని అమ్మే బల్లపరుపు తీగల జోలికి పోనక్కరలేదు. మోడెమ్, రౌటర్ ఒకే గదిలో ఉన్నవారు చేతి క్రింపింగును నమ్ముకోకుండా, ఫ్యాక్టరీలో కొనలు బిగించిన ప్యాచ్ కార్డ్ ఒకటి కొంటే తగువు అక్కడితో తీరుతుంది.

రౌటర్‌ను మార్చడం ఎప్పుడు న్యాయమంటే, దాని వ్యాన్ పోర్టే, అంటే మోడెమ్ నుంచి వచ్చే తీగ పెట్టే పోర్టే, 100 పోర్టు అయినప్పుడు. ఏసీ1200 అని డబ్బా మీద పెద్ద అంకె చూసి కొన్న రౌటర్లలో చాలా వాటికి ఈథర్‌నెట్ పోర్టులు 10/100వే. ఆ 1200 రెండు వైఫై బ్యాండ్ల సిద్ధాంత వేగాలను కలిపి వేసిన అంకె, దానికీ వైరు పోర్టుకూ సంబంధం లేదు. అటువంటి రౌటర్‌కు ఎంత మంచి కేబుల్ పెట్టినా 94 దగ్గరే ఆగుతుంది. కొనేముందు వివరాలలో గిగాబిట్ లేదా 10/100/1000 అన్న మాట వ్యాన్, ల్యాన్ రెండింటికీ ఉందో లేదో చూడాలి. మోడెమ్ వైపు కూడా ఇదే జాగ్రత్త అవసరం. కొన్ని మోడెములలో ఒక్క పోర్టే గిగాబిట్, మిగిలినవి 100వి. రౌటర్ తీగ తప్పు పోర్టులో ఉంటే, పక్క పోర్టుకు మార్చడమే మరమ్మత్తు, ఖర్చు సున్నా. ఈ పరీక్ష కొత్త కేబుల్ కొనకముందే చేయవలసినది.

లింకు 1000 చూపిస్తూనే వేగం రాకపోతే, అప్పుడు బ్రిడ్జ్ మోడ్ చర్చకు వస్తుంది. మోడెమ్, రౌటర్ రెండూ చిరునామా మార్పిడి (ఇంటి పరికరాల లోపలి చిరునామాలను బయటి చిరునామాగా మార్చే పని) చేస్తూ ఉండడం వల్ల వేగం సగమవుతుందన్న నమ్మకం ఉంది గాని, అది సాధారణంగా నిజం కాదు. ఈ రెండుసార్ల మార్పిడి ఇబ్బందులు వేరు. బయటి నుంచి ఇంటి సీసీ కెమెరాను నేరుగా చూడడం, కొన్ని ఆన్‌లైన్ ఆటలు కష్టమవుతాయి. రెండు పెట్టెలూ 192.168.1.1 అనే చిరునామాతోనే ఉంటే అసలు కనెక్షనే తికమక పడుతుంది. బ్రిడ్జ్ మోడ్‌లో లాగిన్ బాధ్యత అంతా రౌటర్ మీద పడుతుంది. పాత చవక రౌటర్‌కు ఆ భారం ఎక్కువై వేగం ఇంకా తగ్గే అవకాశం కూడా ఉంది. క్యూఓఎస్ అనే ప్రాధాన్య నియంత్రణ ఆన్‌లో ఉంటే చాలా రౌటర్లలో హార్డ్‌వేర్ సాయం ఆగిపోయి అంతా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. కనుక ముందు దానిని ఆపి చూడాలి. బ్రిడ్జ్ పెట్టించాలంటే ఆపరేటర్ సాయం కావాలి, యూజర్ పేరు, పాస్‌వర్డు రాయించుకోవాలి, ఫోన్ లేదా టీవీ సేవలు అదే మోడెమ్ మీద ఉంటే అవి ఏమవుతాయో ముందే అడగాలి.

వీటన్నిటికంటే తక్కువ చిక్కు ఉన్న దారి యాక్సెస్ పాయింట్ మోడ్. మోడెమ్ తన పని తాను చేస్తుంది. రౌటర్ కేవలం వైఫైనీ పోర్టులనూ పంచిపెడుతుంది. ఒక్క పాస్‌వర్డూ అడగనవసరం లేదు, పాత రౌటర్ ప్రాసెసర్‌కు శ్రమ లేదు, మేడ మీది ఫోనూ కింది ప్రింటరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి. సొంతంగా వీపీఎన్ (ఇతరులు చదవలేని గుప్త కనెక్షన్) నడపడం, పిల్లలకు సమయ నియంత్రణ పెట్టడం వంటి పనులు తమ రౌటర్‌తోనే చేయాలనుకునేవారికి బ్రిడ్జ్ మేలు. తక్కిన ఇళ్లకు నేను యాక్సెస్ పాయింట్‌నే ఎంచుతాను. అయితే రౌటర్ పోర్టు 100ది అయితే ఈ మోడ్ కూడా దానిని గిగాబిట్ చేయలేదు.

అరుదైన కారణం మరొకటి ఉంది. ఒకవైపు పోర్టును ఎవరో 100 ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి పంపడం, అందుకోవడం) అని చేత్తో స్థిరపరచి, మరోవైపు ఆటోలో ఉంచితే, ఆటో వైపు హాఫ్ డూప్లెక్స్‌కు (ఒకసారికి ఏదో ఒకటే) దిగిపోతుంది. రెండు వైపులా ఒకేసారి పంపుతూ ఢీకొనడం వల్ల వేగం అతి తక్కువకు పడిపోతుంది. రెండింటినీ ఆటోలో పెడితే సరిపోతుంది. ఇక సాయంత్రం మాత్రమే వేగం తగ్గుతూ, అప్పుడు మోడెమ్ దగ్గర కొలిచినా తక్కువే వస్తుంటే, అది ఇంటి తీగల సమస్య కాదు. ఒక ఫైబర్‌ను చీల్చి చాలా ఇళ్లకు ఇచ్చే జీపాన్ పద్ధతిలో 2.488 జీబీపీఎస్ (సుమారు 2,488 ఎంబీపీఎస్) డౌన్‌లోడ్ వేగాన్ని అనేక ఇళ్లు పంచుకుంటాయి. ఫిర్యాదు ఆపరేటర్‌కు వెళ్లాలి.

కింది అంతస్తులో మోడెమ్, పై అంతస్తులో రౌటర్ ఉండి, మధ్య తీగ ఇంటి బయటి నుంచి పోయేవారు ఇంకొక దారిని కూడా తూచి చూడాలి: ఆపరేటర్‌ను అడిగి ఫైబర్‌నే పైకి పొడిగించి, మోడెమ్‌ను రౌటర్ పక్కకు మార్పించడం. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ ఉరుములతో కూడిన వానలు పడతాయి. దగ్గరలో పిడుగు పడినప్పుడు బయటి రాగి తీగలో పుట్టే వోల్టేజి రెండు చివరల పోర్టులనూ దెబ్బతీయగలదు. పోర్టు పూర్తిగా చావకుండా ఒక జత మాత్రమే పాడయితే, కేబుల్ కొత్తదైనా లింకు 100 వద్దే ఉండిపోవచ్చు. ఫైబర్‌లో సంకేతాన్ని మోసేది గాజే, విద్యుత్తు పారే తీగ కాదు, దానికి ఆ భయం ఉండదు, బలానికి పక్కన ఇనుప తీగ ఉన్న రకాన్ని ఇంట్లోకి తేకుండా చూసుకుంటే చాలు. మోడెమ్ నుంచి రౌటర్‌కు అప్పుడు ఒక మీటరు ప్యాచ్ కార్డ్ సరిపోతుంది. ఆపరేటర్ ఒప్పుకునే చోట, బయట రాగి కేబుల్‌ను రెండోసారి లాగించే ఖర్చు పెట్టడం కంటే ఇదే మేలు. అద్దె ఇంట్లో ఉండి మోడెమ్‌ను కదిలించే వీలు లేనివారు, ఉరుములు మొదలవకముందే ఆ కేబుల్‌ను రెండు చివరలా ఊడదీసి ఉంచాలి.